పండుగ ఆగదు, చలికి గింజ లేవదు: పుచ్చ, కర్బూజ రైతుల ముందున్న చిక్కు

సూరత్‌లో బట్టల మార్కెట్లుండే రింగ్ రోడ్డుకు దగ్గరగా ఉన్న పాత పేట సలాబత్‌పురా. రంజాన్ నెలలో పొద్దు వాలుతుంటే ఇలాంటి పేటల్లో పళ్ల బండ్ల చుట్టూ జనం గుమిగూడతారు. ఉపవాసం విడిచే పళ్లెంలో ఖర్జూరం పక్కన పుచ్చ ముక్కో, కర్బూజ ముక్కో ఉండాలి. మరమగ్గాల పనికి తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చి సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. నగరపాలక సంస్థ వారి పిల్లల కోసం తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. ఆ ఇళ్లలో శివరాత్రి ఉపవాసానికీ ఇవే పళ్లు కావాలి. హైదరాబాద్ బాటసింగారం మార్కెట్‌లోనైనా, విజయవాడ వీధుల్లోనైనా గిరాకీ ఇదే తీరు.

అయితే ఈ గిరాకీ వచ్చే తేదీ కొన్నేళ్లుగా జరుగుతూ వస్తోంది. 2020లో రంజాన్ ఉపవాసాలు ఏప్రిల్ 25న మొదలయ్యాయి. 2026లో ఫిబ్రవరి 19నే మొదలయ్యాయి. ఆరేళ్లలో 65 రోజులు ముందుకు వచ్చాయన్నమాట. 2026లోనే శివరాత్రి ఫిబ్రవరి 15న పడింది. రెండు ఉపవాసాల గిరాకీ ఒకే వారంలో కలిసింది. 2027లో రంజాన్ నెలవంకను బట్టి ఫిబ్రవరి రెండో వారంలో వస్తుంది. శివరాత్రి మార్చి 6న ఉంటుంది. నడివేసవిలో అమ్మే పంటగా అందరికీ తెలిసిన పుచ్చ, కర్బూజలను ఫిబ్రవరి, మార్చి నెలలకే కోయాల్సి వస్తోంది.

కోత నుంచి వెనక్కి లెక్కిస్తే చిక్కు ఎక్కడుందో కనిపిస్తుంది. రకాన్ని బట్టి ఈ పంటలు 75 నుంచి 100 రోజులు తీసుకుంటాయి. 85 రోజులు అనుకుంటే, 2026 ఫిబ్రవరి 19కి కాయ అందాలంటే 2025 నవంబరు 26న విత్తి ఉండాలి. 2027 శివరాత్రికి అందాలంటే 2026 డిసెంబరు 11న విత్తాలి. పైగా చలిలో తీగ నెమ్మదిగా సాగుతుంది కాబట్టి పంటకాలం ఇంకో పది రోజులు పెరగవచ్చు. అంటే వేసవి పంట గింజను రైతు సరిగ్గా చలి ముదిరే వేళ మట్టిలో పెడుతున్నాడు. ఆ గింజ మొలుస్తుందా, ఎన్ని రోజులకు మొలుస్తుంది, అన్నీ ఒకేసారి మొలుస్తాయా అన్నదాని మీదే మిగతా మూడు నెలల కష్టం ఆధారపడి ఉంటుంది. విత్తే ముందు గింజకు చేసే పనుల విలువ ఇక్కడే తెలుస్తుంది. ఖర్చు తక్కువే, కానీ తప్పుగా చేస్తే ఉన్న గింజా పోతుంది.

ఐదు డిగ్రీల తేడాకు వారం రోజులు

పుచ్చ, కర్బూజ రెండూ వేడి నేలల పంటలు. మట్టి ఉష్ణోగ్రత 16 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఉంటే ఈ గింజలు దాదాపు కదలవు. కర్బూజకు 32 డిగ్రీలు, పుచ్చకు 35 డిగ్రీలు బాగా అనుకూలం. ఈ రెండు హద్దుల మధ్య మొలకెత్తే వేగంలో తేడా చాలా పెద్దది. కూరగాయల సాగులో ఎంతోకాలంగా వాడుకలో ఉన్న పట్టిక ప్రకారం, మట్టి 20 డిగ్రీల దగ్గర ఉంటే పుచ్చ మొలక పైకి రావడానికి సుమారు 12 రోజులు పడుతుంది. 25 డిగ్రీలకు 5 రోజులు, 30 డిగ్రీలకు 4 రోజుల లోపే చాలు. కర్బూజకు 20 డిగ్రీల దగ్గర 8 రోజులు, 25 డిగ్రీల దగ్గర 4 రోజులు, 30 డిగ్రీల దగ్గర 3 రోజులు.

డిసెంబరు, జనవరి నెలల్లో సూరత్‌లోనూ హైదరాబాద్‌లోనూ రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఆదిలాబాద్ వైపు ఇంకా తగ్గుతుంది. పగలు ఎండ కాసినా రాత్రి చల్లబడిన మట్టి పొద్దెక్కే దాకా వేడెక్కదు. గింజ పడిన లోతులో రోజు మొత్తానికి సగటు 20 డిగ్రీల దగ్గర తచ్చాడితే, అయిదు రోజుల్లో లేవాల్సిన పుచ్చ మొలక పన్నెండు రోజులు తీసుకుంటుంది.

ఆ అదనపు వారం ఊరికే పోదు. చల్లని తడి మట్టి నారుకుళ్లు తెగులుకు అనువైన చోటు. మొలక బయటపడక ముందే గింజ కుళ్లిపోవచ్చు. పైకి వచ్చిన మొలక మొదలు మెత్తబడి ఒరిగిపోవచ్చు. ఎలుకలు గింజలు తవ్వి తినడానికీ ఆ రోజులన్నీ అవకాశమే. గింజ మంచిదే అయినా, మట్టిలో ఎక్కువ రోజులు పడి ఉండటం వల్లనే కొంత నష్టం జరిగిపోతుంది. అందుకే ఒకే కంపెనీ, ఒకే లాటు గింజ ఫిబ్రవరిలో విత్తిన రైతు చేలో చక్కగా లేచి, డిసెంబరులో విత్తిన రైతు చేలో సగమే లేవడం అసాధ్యమేమీ కాదు. విత్తనం నకిలీదన్న అనుమానం ముందుగా వచ్చేది కూడా ఇలాంటి చోటే.

ఎకరాకు 484 ఖాళీలు

డ్రిప్, మల్చింగ్ షీటు వేసి సాగు చేసే చేలో బెడ్ల మధ్య ఆరడుగులు, మొక్కల మధ్య అడుగున్నర ఎడం ఉందనుకుంటే ఎకరాకు 4,840 మొక్కలు పడతాయి. అందులో పది శాతం మొలవకపోతే 484 ఖాళీలు. ఒక్కో మొక్కకు మూడు కిలోల కాయ ఒక్కటే వేసుకున్నా దాదాపు ఒకటిన్నర టన్నుల దిగుబడి తగ్గుతుంది. షీటు పరిచిన ఖర్చు, డ్రిప్ పైపు, ఎరువు, నీరు మాత్రం ఆ ఖాళీలకూ సమానంగా పడ్డాయి. హైబ్రిడ్ విత్తనం గ్రాముల లెక్కన కొనేది కాబట్టి రెండు మూడు గింజలు వేసి తర్వాత పీకేసే పాత పద్ధతి రైతుకు గిట్టదు. ఒక రంధ్రానికి ఒకే గింజ. అది లేవకపోతే అక్కడ ఖాళీయే.

ఖాళీ పూరించడం అనుకున్నంత తేలిక కాదు. పది, పదిహేను రోజుల తర్వాత మళ్లీ విత్తిన గింజ లేచే సరికి పక్క మొక్కల తీగలు పాకడం మొదలుపెడతాయి. ఆలస్యంగా లేచిన మొక్కకు పూత ఆలస్యం, పిందె ఆలస్యం. చేను మొత్తం ఒకేసారి కోతకు రాదు. వ్యాపారి లారీ పంపేది ఒకేసారి కోసే సరుకు కోసం. మిగిలింది రెండో కోత, మూడో కోత అయ్యేసరికి చుట్టుపక్కల పంటంతా మార్కెట్‌కు చేరి ధర దిగుతుంది. ముందు పంట వేసిందే ముందు ధర కోసం. ఆ ధర నిలబడే రోజులు తక్కువ. అందుకని ఈ పంటలో మొలక శాతం ఎంతో, మొలకలన్నీ ఒకేసారి లేవడమూ అంతే ముఖ్యం.

గింజ లోపల మూడు దశలు

విత్తే ముందు గింజను నానబెట్టడం ఎందుకు పనిచేస్తుందో అర్థమైతే, ఎక్కడ ఆపాలో కూడా తెలుస్తుంది. ఎండు గింజకు నీరు తగలగానే మొదటి దశలో వేగంగా పీల్చుకుంటుంది. ఇది చచ్చిన గింజలోనూ జరుగుతుంది, కేవలం స్పంజి నీళ్లు పీల్చినట్టే. రెండో దశలో నీరు పీల్చడం దాదాపు ఆగుతుంది, కానీ లోపల పని మొదలవుతుంది. ఎంజైములు మేల్కొంటాయి, నిల్వలో పాడైన భాగాలు మరమ్మతవుతాయి. కర్బూజ గింజలో పిండాన్ని చుట్టి ఉండే గట్టి పొర మెత్తబడుతుంది. మూడో దశలో వేరు మొన ఆ పొరను చీల్చుకుని బయటికి వస్తుంది.

చలిలో ఆలస్యమంతా ఎక్కువగా రెండో దశలోనే. ఆ దశను చలి మట్టిలో కాకుండా ఇంట్లో వెచ్చటి చోట జరిపించి, వేరు బయటపడక ముందే ఆపి, గింజను మళ్లీ నీడలో ఆరబెట్టడం ఈ పద్ధతి కీలకం. దీన్ని వ్యవసాయ శాస్త్రంలో సీడ్ ప్రైమింగ్ అంటారు. ఇలా సిద్ధం చేసిన గింజ చేలో పడ్డాక మొదటి నుంచి మొదలుపెట్టదు, ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. పడుగు సరిచేసి, గంజి పెట్టి, ఆ తర్వాతే మగ్గమెక్కించే నేతగాడికి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక్కడ రెండు హద్దులున్నాయి. ఒకటి, చచ్చిన గింజను ఈ పద్ధతి బతికించదు. మొలక శక్తి ఉన్న గింజల వేగాన్ని పెంచి, వెనకబడిన గింజలను ముందువాటికి దగ్గర చేస్తుంది. రెండు, వేరు మొన ఒకసారి బయటపడ్డాక గింజను ఆరబెడితే అది చనిపోతుంది. నానబెట్టడంలో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ రెండో హద్దు దగ్గరే. పైగా ప్రైమింగ్ చేసిన గింజ నిల్వ ఉండే కాలం తగ్గుతుంది. ఈ ఏడాది సిద్ధం చేసి వచ్చే ఏడాదికి దాచుకోవడానికి వీల్లేదు.

కొత్త పేరు, పాత అలవాటు

ప్రైమింగ్ అన్న మాట కొత్తదే కానీ పని కొత్తది కాదు. సుమారు 2,300 ఏళ్ల కిందటి గ్రీకు వృక్షశాస్త్రవేత్త థియోఫ్రాస్టస్ దోస గింజను పాలలోనో నీళ్లలోనో నానబెట్టి విత్తితే త్వరగా మొలుస్తుందని రాశాడు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేద అధ్యాయంలో విత్తనాన్ని పాలలో నానబెట్టి, పేడ పట్టించే విధానం చెప్పాడు. తెలుగు నేల మీద వరి గింజను నానబెట్టి, గోనెలో మూటగట్టి మండె కట్టడం తెలియని రైతు ఉండడు.

నదుల ఇసుకలో పుచ్చ, కర్బూజ, దోస పండించేవారికి ఈ మండె పద్ధతి ప్రాణాధారం. గుజరాత్‌లో సబర్మతి, ఓర్సంగ్ నదుల్లో, తెలుగు ప్రాంతం వైపు తుంగభద్ర, కృష్ణా, హంద్రీ, పెన్నా నదుల్లో వరద తగ్గాక బయటపడే ఇసుక మేటల్లో ఈ సాగు తరతరాలుగా ఉంది. కడప జిల్లాలో పెన్నా ఒడ్డున ఉన్న సిద్ధవటం దోసపండ్లకు పాతకాలం నుంచి పేరు. ఈ సాగులో నవంబరు నుంచి ఇసుకలో గుంతలు తవ్వి, పశువుల ఎరువు నింపి, అందులో గింజ వేస్తారు. రాత్రి పూట ఇసుక మట్టి కంటే వేగంగా చల్లబడుతుంది. అందుకే గింజను ఒక రోజు నీళ్లలో నానబెట్టి, తడి గోనెలో చుట్టి, వెచ్చటి చోట లేదా పేడ ఎరువు కుప్పలో రెండు మూడు రోజులు ఉంచి, తెల్లని మొన కనిపించగానే గుంతలో పెడతారు. ఎవరూ ఉష్ణమాపకం వాడలేదు. గింజకు కావాల్సింది వేడి అని వాళ్లకు తెలుసు.

ఆధునిక పరిశోధన 1973లో ఊపందుకుంది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ హైడెకర్ బృందం పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థం కలిపిన ద్రావణంలో గింజలను నానబెట్టి, వేరు బయటపడకుండానే రెండో దశ దాకా తీసుకెళ్లవచ్చని చూపింది. 1980లలో కర్బూజ గింజ మీద పొటాషియం నైట్రేట్ ద్రావణంతో ప్రయోగాలు జరిగాయి. చల్లని మట్టిలో మొలక వేగం పెరిగినట్టు తేలింది.

రైతు ఇంటి దగ్గరే, మామూలు నీటితో ఏం చేయవచ్చన్నది తేల్చిన పనిలో సూరత్ పేరు కూడా కొంత కలిసి ఉంది. హజీరాలో ఎరువుల కర్మాగారం ఉన్న సహకార సంస్థ క్రిభ్‌కో 1990లలో పశ్చిమ భారత మెట్ట ప్రాంతాల్లో ఒక వర్షాధార వ్యవసాయ ప్రాజెక్టు నడిపింది. గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్ గిరిజన గ్రామాల్లో బ్రిటన్‌లోని బాంగర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రైతులతో కలిసి మొక్కజొన్న, వరి, శనగ గింజలను రాత్రంతా నానబెట్టి, పైతడి ఆరాక విత్తి చూశారు. మొలకలు త్వరగా, సమంగా వచ్చాయి. ఆ పని నుంచి వచ్చిన ముఖ్యమైన పాఠం ‘సురక్షిత గడువు’. ప్రతి పంటకూ ఇన్ని గంటలకు మించి నానబెట్టకూడదన్న హద్దు ఒకటి ఉంటుంది. అది దాటితే మేలు కాస్తా కీడవుతుంది. అది పుచ్చ మీద చేసిన పని కాదు, కానీ ఆ పాఠం పుచ్చ రైతుకూ వర్తిస్తుంది.

చేలో ఏది ఎంతవరకు

మొదటి పని ప్యాకెట్ చదవడం. లాటు నంబరు, పరీక్ష తేదీ, గడువు తేదీతో పాటు గింజకు మందు పూత ఉందా అన్నది చూడాలి. రంగు పూసిన గింజ అంటే సాధారణంగా శిలీంద్రనాశిని పట్టించిన గింజ. దాన్ని నానబెడితే మందు నీళ్లలో కలిసిపోతుంది, చేతికీ అంటుతుంది. కంపెనీయే ప్రైమింగ్ చేసి అమ్మే గింజను మళ్లీ నానబెడితే వేరు బయటపడే హద్దు దాటిపోవచ్చు. ఈ రెండు రకాలనూ నానబెట్టకుండా నేరుగా వెచ్చటి చోట ట్రేలో వేసుకోవడమే మంచిది.

రెండో పని మొలక పరీక్ష. పాతిక గింజలు తడి గుడ్డలో గానీ తడిపిన కాగితపు చుట్టలో గానీ పెట్టి, వెచ్చగా ఉంచి లెక్కించాలి. కర్బూజకు నాలుగో రోజు ఒకసారి, ఎనిమిదో రోజు ఒకసారి. పుచ్చకు అయిదో రోజున, ఆ తర్వాత రెండు వారాలు నిండాక. నాలుగో, అయిదో రోజుకే ఎక్కువ గింజలు లేస్తే ఆ లాటుకు ఊపు ఉన్నట్టు. చివరికి లేచినా ఆలస్యంగా, ఒకటొకటిగా లేస్తే చలి మట్టిలో ఆ గింజ మరింత ఇబ్బంది పెడుతుంది.

పూత లేని గింజకు అందరికీ అందుబాటులో ఉన్నది నీటితో నానబెట్టడమే. గోరువెచ్చని నీటిలో రాత్రంతా, అంటే సుమారు 12 గంటలు. గింజలు నీటి అడుగున రోజుల తరబడి ఉంటే వాటికి గాలి అందదు. తర్వాత వడగట్టి, నీడలో పైతడి ఆరేదాకా పలచగా పరిచి, అదే రోజు లేదా మర్నాడు విత్తుకోవాలి. ఎండలో ఆరబెట్టకూడదు. మట్టి నుంచి వచ్చే కుళ్లును అడ్డుకోవడానికి ఈ దశలో కిలో గింజకు 4 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పట్టించడం సిఫారసులో ఉంది.

మండె కట్టడం మరో మెట్టు. నానిన గింజను తడి గుడ్డలో చుట్టి 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంలో ఒకటి రెండు రోజులు ఉంచితే తెల్లని మొన కనిపిస్తుంది. ఇది చలిలో బాగా పనిచేస్తుంది, కానీ వెనక్కి తిరగడానికి ఉండదు. మొన కనిపించిన గింజ ఆ రోజే తేమ ఉన్న మట్టిలోకి వెళ్లాలి. కరెంటు లేక డ్రిప్ నడవకపోయినా, కూలీలు రాకపోయినా ఆ గింజ ఆగదు. మొన పొడవు పెరిగితే విత్తేటప్పుడు విరుగుతుంది.

పొటాషియం నైట్రేట్‌ను రైతులు 13-0-45 ఎరువుగా ఎరుగుదురు. కర్బూజ ప్రయోగాల్లో లీటరు నీటికి సుమారు 30 గ్రాములు, అంటే 3 శాతం ద్రావణం వాడారు. గంటలు కాదు, కొన్ని రోజులు, గాలి ఆడేలా, స్థిరమైన ఉష్ణోగ్రతలో ఉంచారు. ఆ తర్వాత కడిగి ఆరబెట్టారు. ఇది నర్సరీలు, విత్తన కంపెనీలు చేయగల పని. ఇంట్లో అంచనా మీద కలిపి, ఖరీదైన హైబ్రిడ్ ప్యాకెట్ మొత్తం అందులో వేయడం సాహసమే. చేయదలిస్తే ముందు పాతిక గింజల మీద చూసుకోవాలి.

గింజలు లేని పుచ్చ రకాల సంగతి వేరు. ఆ పంట విత్తనం పైపెంకు మందంగా, లోపలి పిండం చిన్నగా ఉంటుంది. దానికి నీరు ఎక్కువైనా కష్టమే. పెంకుకూ పిండానికీ మధ్య నీరు చేరి గాలిని అడ్డుకుంటుంది. దీన్ని నానబెట్టడం కంటే, తక్కువ తేమతో 30 డిగ్రీల దగ్గర ట్రేలో మొలిపించడమే మేలు.

వీటన్నిటికీ ఇప్పుడు బలమైన పోటీ నారు పద్ధతి. 98 గళ్ల ప్రోట్రేలలో కోకోపీట్ నింపి, గింజ వేసి, ట్రేలను ఒకదానిపై ఒకటి పేర్చి, పాలిథిన్ కప్పి రెండు మూడు రోజులు వెచ్చగా ఉంచుతారు. మొలక కనిపించగానే విడదీసి, రెండు వారాల లోపు పొలానికి తీసుకెళ్తారు. తీగజాతి మొక్క వేరు కదిలితే ఓర్చుకోదు కాబట్టి ముదిరిన నారు పనికిరాదు. మొత్తం పొలాన్ని వేడి చేయలేం కానీ, వంద ట్రేలున్న ఒక గదిని వెచ్చగా ఉంచగలం. నారు కొనలేని, నేరుగా విత్తే చిన్న రైతుకే నానబెట్టే పద్ధతి అవసరం ఎక్కువ. మొలక దాటాక కూడా చలి ఉంటుందన్నది మరవకూడదు. నానబెట్టిన గింజ త్వరగా లేస్తుందే గానీ, లేచిన మొక్కకు చలి కోటు తొడగదు. అక్కడ మల్చింగ్ షీటు, చిన్న గుడారాల వంటి రక్షణే దిక్కు.

బీజామృతం దగ్గర తేల్చుకోవాల్సింది

సూరత్‌లో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ విత్తనశుద్ధి అనగానే ఇప్పుడు వినిపించే మాట బీజామృతం. 2022 జులై 10న సూరత్‌లో జరిగిన ప్రకృతి వ్యవసాయ సదస్సులో ప్రధాని దూరదృశ్య మాధ్యమం ద్వారా మాట్లాడుతూ, ప్రతి పంచాయతీలో 75 మంది రైతులను ఈ బాట పట్టించిన సూరత్ ప్రయత్నాన్ని దేశానికి నమూనాగా చూపారు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఇదే పనిని అంతకంటే ముందు నుంచే చేస్తోంది. ఆవు పేడ, ఆవు మూత్రం, సున్నం, గుప్పెడు గట్టు మట్టి, నీరు కలిపి తయారుచేసే ఈ ద్రావణాన్ని గింజకు పట్టించి నీడలో ఆరబెడతారు.

బీజామృతంలోని బ్యాక్టీరియాను వేరుచేసి చూసిన ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వాటిలో కొన్ని మొక్కల ఎదుగుదల హార్మోన్లను తయారుచేస్తాయని, సోయాచిక్కుడులో మొలక, నారు పొడవు మెరుగయ్యాయని 2009లో ప్రచురించారు. అది గింజ మీద మేలుచేసే సూక్ష్మజీవులను ఉంచే పని. నానబెట్టడం గింజ లోపలి గడియారాన్ని ముందుకు జరిపే పని. రెండూ ఒకటి కావు. చలి మట్టిలో మొలక ఆలస్యానికి మూలకారణం వేడి లేకపోవడం. పూత పూసి చలి మట్టిలో వేస్తే వేడి కొరత తీరదు. గింజను ముందు నానబెట్టి, ఆ తర్వాత బీజామృతమో ట్రైకోడెర్మానో పట్టిస్తే రెండు పనులూ జరుగుతాయి. ఒకదాని పేరు చెప్పి రెండో దాని ఫలితం ఆశించడం దగ్గరే రైతు దెబ్బతింటాడు.

కేంద్రం 2024 నవంబరులో రూ.2,481 కోట్లతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. అందులో 10,000 జీవ ఉత్పాదకాల కేంద్రాల ఏర్పాటు ఒక భాగం. ద్రావణాలు సరఫరా చేసే ఆ కేంద్రాల్లోనే ఒక వెచ్చటి గదిని, మొలక పరీక్షకు ఒక బల్లను ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చేమీ కాదు. డిసెంబరులో విత్తే చిన్న రైతుకు అదే ఎక్కువ పనికొస్తుంది.

60 శాతం అంటే ఎక్కడ?

దేశంలో విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం పుచ్చ, కర్బూజ విత్తనాలకు కనీస మొలక శాతం 60. అంటే వంద గింజల్లో నలభై లేవకపోయినా ఆ లాటు ప్రమాణానికి లోబడినట్టే. ఆ 60 శాతాన్ని కొలిచేది ప్రయోగశాలలో, 25 డిగ్రీల దగ్గర లేదా 20, 30 డిగ్రీల మధ్య మారుస్తూ, తగినంత తేమలో. అంటే గింజకు నచ్చిన వాతావరణంలో. డిసెంబరు రాత్రి 15 డిగ్రీల మట్టి గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. ప్రయోగశాలలో 90 శాతం వచ్చిన రెండు లాట్లు చలి మట్టిలో పూర్తి భిన్నంగా ప్రవర్తించవచ్చు. శాస్త్రవేత్తలు దీన్ని మొలక శాతం అని కాక గింజ ఊపు అని వేరుగా లెక్కిస్తారు. ప్యాకెట్ మీద ఆ లెక్కకు చోటు లేదు.

చేను మొలవకపోతే రైతుకు ఉన్న దారి ఏమిటి? జాతీయ విత్తన సంస్థకూ ఆంధ్రప్రదేశ్ రైతులకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2012 జనవరిలో స్పష్టత ఇచ్చింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, విత్తన చట్టం ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరం తలుపు మూసుకుపోదని చెప్పింది. కొన్న గింజంతా విత్తేసిన రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచాలని ఆశించలేమని కూడా గుర్తించింది. తెలుగు రైతులు సాధించుకున్న విలువైన తీర్పు ఇది. కానీ చలిలో మొలవని కర్బూజ విషయంలో వాదన తేలిక కాదు. గింజ మంచిదే, మీరు విత్తిన కాలమే తప్పు అని కంపెనీ అంటుంది. ప్రయోగశాల పరీక్ష కూడా ఆ మాటకే బలమివ్వవచ్చు. ఖాళీ ప్యాకెట్, బిల్లు, లాటు నంబరుతో పాటు విత్తే ముందు చేసిన పాతిక గింజల మొలక పరీక్ష ఫొటో ఉంటే రైతు మాటకు కొంత ఆధారం దొరుకుతుంది.

1966 నాటి విత్తన చట్టం స్థానంలో కొత్త చట్టం కోసం కేంద్ర వ్యవసాయ శాఖ 2025 నవంబరులో ముసాయిదా విత్తన బిల్లును అభిప్రాయాల కోసం విడుదల చేసింది. ప్యాకెట్ మీద క్యూఆర్ కోడ్ ఉండాలన్న ఆలోచన అందులో ఉంది. ఆ కోడ్ వెనక ఏం ఉంటుందన్నదే అసలు ప్రశ్న. గింజ ఎక్కడ పుట్టింది, ఎవరు అమ్మారు అన్న వివరాలతోనే ఆగిపోతే నకిలీని పట్టుకోవచ్చు గానీ, చలి నష్టాన్ని ఆపలేం. గింజకు ప్రైమింగ్ చేశారా, నానబెట్టవచ్చా, ఎంత ఉష్ణోగ్రత దాకా మొలుస్తుంది అన్న మూడు సమాధానాలు తెలుగులో, గుజరాతీలో అక్కడ దొరికితే రైతుకు అది నిజమైన సాయం. వేడి పంటలకు తక్కువ ఉష్ణోగ్రత పరీక్షను కూడా ప్రమాణాల్లో చేరిస్తే, మంచి విత్తనం తయారుచేసే కంపెనీకీ దాన్ని చూపించుకునే వీలు కలుగుతుంది.

రంజాన్ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతూనే ఉంటుంది. 2030లో జనవరి మొదటి వారంలో ఒకసారి, డిసెంబరు చివర్లో మరోసారి వస్తుంది. అప్పటికి ఆ మార్కెట్ కోసం విత్తే కాలం అక్టోబరు దాకా వెళ్లి, మొలక తేలికై, ఎదుగుదలే చలిలో పడుతుంది. శివరాత్రి మాత్రం ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఉంటుంది కాబట్టి డిసెంబరు విత్తనం ఎక్కడికీ పోదు. సలాబత్‌పురా బండి మీదికి ఫిబ్రవరిలో చేరే పుచ్చకాయ, నవంబరు చివరనో డిసెంబరులోనో ఏదో ఒక చల్లని బెడ్డులో ఒక్క గింజగా మొదలైనదే. ఆ గింజను విత్తే ముందు రాత్రి ఒక గిన్నెడు గోరువెచ్చని నీటిలో వేసి, సరైన గంటకు బయటికి తీయడానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఏ గింజను నానబెట్టాలో, దేన్ని నానబెట్టకూడదో రైతుకు ముందే తెలియాలి. అది తెలియజేయాల్సిన బాధ్యత గింజ అమ్మేవారిది, వారిని నియంత్రించే ప్రభుత్వానిది.